అమావాస్య బంతిలో దొడ్డన్నం

మొన్న మా వీధి కంట్రోలు దుకాణం ముందు రేషను సన్నబియ్యం కోసం కట్టిన వరుసలో కారు దిగి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఎవరి ముఖంలోనూ బిడియం లేదు. నా భార్యకు మోకాళ్ల నొప్పులు గనక ఈ నెల నేనే సంచి పట్టుకుని వాళ్ల వెనక నిలబడ్డాను. ఆ వరుసలో నిలబడడమంటే ఒకప్పుడు ఏమిటో నా ఈడువాళ్లకు తెలుసు. ఈ నాలుగు మాటలు వాళ్లకోసమే.

మా తాత చేనేత సావుకారి. చౌటుప్పల్ దాపున ఉన్న మా ఊళ్లో ఆయన నూలు ఇస్తే నేసే ఇళ్లు చాలా ఉండేవి. అమావాస్య నాడు మగ్గం ఆడదు. ఆ రోజు నేతవాళ్లంతా మా ఇంట్లోనే తినాలి, సావుకారి వాళ్ల బంతిలోనే కూర్చుని వాళ్లు తిన్నదే తినాలి, అది మా ఇంటి కట్టడి. అంతమందికి వండినా ఆ ఖర్చు ఆయన రాబడిలో ఒక లెక్కలోకి వచ్చేది కాదట. బియ్యం ధర ఎంతో మా ఇంటి మగవాళ్లకు తెలియకపోవడమే మా కలిమికి గుర్తుగా ఉండేది.

తెలంగాణ వచ్చేనాటికి మా మగ్గాలు మూలపడ్డాయి. నేను హైవే పక్కన ఒక మందుల ఫ్యాక్టరీ స్టోరులో పనికి కుదిరాను, బియ్యం ధర అప్పుడు తెలిసింది. రాబడి తగ్గితే బట్టలు తగ్గించుకోవచ్చు, ప్రయాణాలు మానుకోవచ్చు, గోడలకు సున్నం వచ్చే ఏటికి వాయిదా వేయవచ్చు, ఆకలి మాత్రం మన హోదాతో పాటు దిగిరాదు. జీతంలో సగానికి పైగా వంటింట్లోకే పోయేది. ఉన్నవాడికి తిండి ఒక ఖర్చు, లేనివాడికి ఖర్చంటేనే తిండి. అయినా అమావాస్య బంతి మానలేదు. మిగిలిన నేతవాళ్లు ముగ్గురే, అందరూ ముసలివాళ్లే, కానీ కట్టడి కట్టడే.

ఆ ఏడు మా బిడ్డకు నల్లగొండలో నర్సింగు సీటు వచ్చింది. హాస్టలు ఖర్చు ఎక్కడి నుంచి తేవాలో తోచలేదు, సీటు పోతుందేమోనని పిల్ల ముఖం చిన్నబోయింది. కంట్రోలు బియ్యం తెచ్చుకుందామని నా భార్య అంది. మాకు కార్డు ఉండేది గానీ, దాన్ని చిరునామా చూపడానికి తప్ప బియ్యానికి వాడింది లేదు. పదిమందికి గింజలు కొలిచిన ఇంటివాణ్ని, ఆ వరుసలో నిలబడనన్నాను. పోనీ బంతి మానేద్దామంటే అదీ ఒప్పుకోలేదు. అరుగు మీద వత్తులు చేసుకుంటున్న మా అమ్మ తలెత్తకుండానే అంది:

"తెచ్చుకుంటే ఇజ్జత్ పోదు కొడుకా, పెట్టకపోతే పోతది. నీ ఇజ్జత్ కోసం పిల్ల సదువు ఆపుతవా?"

మరునాడు అమ్మే కార్డు తీసుకుని వెళ్లింది. అప్పట్లో కంట్రోలులో ఇచ్చేది దొడ్డుబియ్యమే. నేను ఆ దుకాణం వైపు చూడకుండా బస్సెక్కాను.

ఆ అమావాస్యకు మా వంటింట్లో రెండు గిన్నెలు పొయ్యెక్కాయి, వచ్చేవాళ్లకు బజారులో కొన్న సన్నబియ్యం, మాకు అమ్మ తెచ్చిన దొడ్డుబియ్యం. మా ఇంట్లో అట్లా జరగడం అదే మొదలు. విస్తళ్లు వేయించి, నేను తర్వాత తింటానని పక్కన నిలబడ్డాను. మా మగ్గాల మీద చివరిదాకా నేసిన పెద్దాయన, నేను కాకా అని పిలిచేవాణ్ని, అన్నంలో చెయ్యి పెట్టలేదు.

"సావుకారి నిలవడితే మేం తినుడేంది? కూసో."

కూర్చోక తప్పలేదు. నా భార్య ఒక క్షణం తటపటాయించి నా విస్తట్లో దొడ్డన్నమే వడ్డించింది. కాకా నా విస్తరి చూశాడు, తన విస్తరి చూసుకున్నాడు.

"గిదేంది సావుకారీ! మాకు లగ్గం బువ్వ పెట్టి నువ్వు కంట్రోలు బువ్వ తింటవా? గిన్నేండ్లకు మమ్ముల సుట్టాలను జేస్తివా? గీ సన్నది బజారుకు పోయొచ్చేసరికి అరుగుతది. జర గా దొడ్డుది ఇటెయ్యి కోడలా."

"నోట్ల పండ్లు లేవు గని, గా దొడ్డుది ఎట్ల నములుతడో సూస్త" అన్నాడు పక్కాయన.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, తల దించుకోనూ లేదు. బంతిలో అందరం ఒకటే అన్నం తిన్నాం. పై నెల నుంచి మా ఇంట్లో పొయ్యెక్కింది ఒకటే గిన్నె. వంటింటి ఖర్చులో మిగిలినదల్లా నల్లగొండ హాస్టలుకు వెళ్లింది, బిడ్డ చదువు ఆగలేదు.

ఇప్పుడామె హైదరాబాదులో ఒక దవాఖానలో నర్సు. అమ్మా లేదు, కాకా లేడు, వాళ్ల వెనకే మిగతా ఇద్దరూ పోయారు. ఇంటి ఖర్చులో బియ్యం కంటే మా మందు గోలీలకే ఎక్కువ పోతుంది. బిడ్డ పొద్దున్నే ఫోను చేసి గోలీ వేసుకున్నానా అని అడుగుతుంది. నేను మాత్రం తిన్నదా అని అడుగుతాను.

"తింట తీ నాయినా, తిండిదేముంది? ఎప్పుడన్న తినొచ్చు" అంటుంది.

తిండిదేముంది! ఆ మాట మా బిడ్డ అనగలగాలనే కదా, ఆనాడు ఇంటిల్లిపాదిమీ అంత పట్టుబట్టింది. అందుకే విన్నప్పుడల్లా గర్వంగానే ఉంటుంది. కానీ ఫోను పెట్టేశాక మాత్రం, ఎందుకో, కాసేపు నాకు తినబుద్ధి కాదు.