తోడల్లుడి రంగుల మానిటరు

నాకు అసూయ ఎక్కువ. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే తర్వాత సంజాయిషీలు చెప్పుకునే బాధ తప్పుతుంది. ఎవరైనా మేడ కట్టినా, కారు కొన్నా నాకు చీమ కుట్టినట్టయినా ఉండదు. నేను ఏళ్ళ తరబడి వెతుకుతున్న వస్తువు, వెతకనైనా వెతకని మనిషికి దొరికితే మాత్రం కడుపు మండిపోతుంది. ఆ మనిషి సొంత తోడల్లుడైతే ఇక చెప్పేదేముంది.

ఏలూరులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో నా ఉద్యోగం. కొన్నేళ్ళ కిందట అక్కడి స్టోర్ రూము ఖాళీ చేస్తుంటే, పారేయబోతున్న సామానులో పాతకాలం ఇంటి కంప్యూటర్లు రెండు కనిపించాయి. కీబోర్డులోనే కంప్యూటరంతా ఇమిడిపోయి, టీవీకి తగిలించుకుని వాడుకునే రకం. చదువుకునే రోజుల్లో నేను మొదటి ప్రోగ్రాం రాసింది అలాంటి దాని మీదే. అడిగి ఇంటికి తెచ్చుకుని, సెలవులన్నీ వాటికే ధారపోసి రెండింటినీ బతికించాను.

అసలు చిక్కు తెర దగ్గర వచ్చింది. ఇప్పటి పల్చటి తెరకు తగిలిస్తే బొమ్మ అడ్డంగా సాగిపోతుంది, అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. పాత టీవీకి తగిలిస్తే ఎరుపు పక్కనున్న నీలంలోకి కారుతుంది. దానికి తగిన జోడీ, మూడు రంగులనూ మూడు వేరు వేరు తీగల మీద తీసుకునే పద్నాలుగంగుళాల పిక్చర్ ట్యూబు మానిటరు. దాని కోసం నేను తిరగని పాత సామాన్ల కొట్టు లేదు. దొరికినవన్నీ ఏదో ఒక లోపంతోనే దొరికాయి. ఒకదాని తెర మీద ఏ ఆఫీసులోనో ఏళ్ళ తరబడి కదలకుండా నిలిచిపోయిన అంకెల ముద్ర పడిపోయింది. కొల్లేరు పక్క నుంచి తెచ్చినదాని లోపలికి తేమ దిగి, స్విచ్ వేయగానే చిటపటలాడి ఆగిపోయింది. మానిటరు కొనే ముందు గది చీకటి చేసి, తెల్లటి తెర, నల్లటి తెర రెండూ చూసుకోవాలని, అరగంట వేడెక్కనిచ్చాక గాని మంచిదో కాదో చెప్పకూడదని అలా నేర్చుకున్నాను. నేర్చుకున్నదంతా బుర్రలో ఉంది, బల్ల మీద మాత్రం మానిటరు లేదు.

నా తోడల్లుడు తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లులో సూపర్‌వైజరు. నాకంటే చిన్నవాడు, మహా మంచివాడు. ఆ మంచితనం కూడా నాకు కాస్త ఇబ్బందే. మా ఇంటికి వచ్చినప్పుడు నా కంప్యూటర్ చూసి చిన్నపిల్లవాడిలా సంబరపడితే, రెండోది ఆయనకిచ్చేశాను. ప్రేమతో ఇవ్వలేదు. నన్ను మెచ్చుకోవడానికి ఒక మనిషి ఉండాలని ఇచ్చాను.

మూడు నెలలు తిరక్కుండానే ఫోను చేశారు. "అన్నయ్యగారూ, మీరు చెప్తుంటారే, రంగుల మానిటరు, అలాంటిదేదో నాకు దొరికిందండీ. ఒకసారి వచ్చి చూసి చెప్పరా?"

ధాన్యం చూడటానికి ముదినేపల్లి అవతలికి వెళ్తే, ఒక చేపల చెరువు యజమాని షెడ్డులో మేత బస్తాల వెనక పడి ఉందట. ఏమిటని అడిగితే, అడ్డంగా ఉంది, పట్టుకుపొమ్మన్నాడట. మా అత్తవారి ఊరు ఆ పక్కనే. ఇన్నేళ్ళుగా ఆ షెడ్డు ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో నాకే లెక్క తెలియదు.

ఆదివారం నాడు వెళ్ళి చూశాను. ముద్ర లేదు, గీత లేదు, మూలల దాకా బొమ్మ చక్కగా ఉంది. నల్లటి తెర మీద పసుపు అక్షరాలు ఇప్పుడే రాసినట్టు తడితడిగా మెరుస్తున్నాయి. "బాగుందండీ" అన్నాను. గంటసేపు దాని ముందే కూర్చున్నాను. మా మరదలు ఉప్మా తెచ్చి పెడితే చల్లారిపోయేదాకా ముట్టుకోలేదు. తిరుగు బస్సులో మా ఆవిడ ఏదో అడుగుతుంటే కసురుకున్నాను.

రెండు వారాల తర్వాత మళ్ళీ ఫోను. తెర కుడి వైపు పైమూలలో పచ్చగా మచ్చ వచ్చిందట. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషంతోనే మర్నాడు సెలవు పెట్టి వెళ్ళాను.

గుమ్మంలోనే కారణం కనిపించింది. మానిటరు కుడి భుజానికి ఆనుకుని, గోడ మేకుకు నల్లదారంతో గుర్రపు నాడా లాంటిది వేలాడుతోంది. చేత్తో పట్టుకోబోతే నా వేళ్ళ మధ్యనున్న తాళాలు దానికి వెళ్ళి అతుక్కున్నాయి.

"దిష్టికండీ బావగారూ," అంది మరదలు. "వీధిలో వాళ్ళంతా వచ్చి చూసి పోతున్నారు కదండీ. నాడా ఎక్కడా దొరకలేదు. ధాన్యంలో మేకులు పట్టుకునే పాత అయస్కాంతం మిల్లులో ఉంటే మా ఆయన చేత తెప్పించాను. ఆకారం అదే కదండీ."

పిక్చర్ ట్యూబు దగ్గర అయస్కాంతం పెట్టకూడదని నాకు పాతికేళ్ళుగా తెలుసు. తీసి పక్కన పెడితే మచ్చ పోతుందనీ తెలుసు. తాళాలు విడదీసి జేబులో వేసుకున్నాను. "ట్యూబుకి వయసైపోయిందండీ. ఇంక అంతే," అన్నాను తోడల్లుడితో. ఆయన మొహం చిన్నబోయింది. నాకు జాలి వేసింది గాని, నోరు తెరిచేంత జాలి కాదు.

మచ్చ పెరిగిందని ఆ నెలంతా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. మచ్చ పెరిగిన కొద్దీ మరదలు దిష్టి ఇంకా గట్టిగా తగిలిందనుకుని, అయస్కాంతాన్ని మేకు మీద నుంచి తీసి మానిటరు నెత్తినే పెట్టిందట. తెర సగం ఊదారంగు అయిందట. ఊళ్ళో టీవీ మెకానిక్కు వచ్చి, ఇలాంటి ట్యూబులు ఇప్పుడు దొరకవని చెప్పి పోయాడట. చివరికి తోడల్లుడే అన్నారు. "మీరు పట్టుకెళ్ళండి అన్నయ్యగారూ. లోపలి భాగాలైనా మీకు పనికొస్తాయి." నేను ఎదురుచూస్తున్న మాట అదే. అది వినగానే నా బల్ల మీద స్థలం కొలుచుకున్నాను కూడా.

వెళ్ళేసరికి మరదలు కొత్త దుప్పటి తీసి సిద్ధంగా పెట్టింది. తోడల్లుడు ఆఖరిసారి చూద్దామని స్విచ్ వేసి, ఊదారంగు తెరను మెత్తటి గుడ్డతో తుడుస్తున్నారు. "మీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టేనండీ. ఈ కంప్యూటర్ కూడా మీరిచ్చిందే కదా," అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను దొంగతనంగా తీసుకుపోదామని వస్తే ఈయన కానుకగా ఇస్తున్నారు. నేను ఎంత అల్పుణ్ణో తెలియకపోయినా తెలిసేలా చేస్తున్నారు. పశ్చాత్తాపమని గొప్పలు చెప్పుకోను, అది ఉక్రోషమే. నెత్తి మీదున్న అయస్కాంతం తీసి గది అవతలి మూలన పెట్టాను. మానిటరు ఆపి, కాసేపు చల్లారనిచ్చి, మళ్ళీ వేశాను. ఈ రకం మానిటర్లలో స్విచ్ వేసినప్పుడల్లా ట్యూబుకు పట్టిన అయస్కాంతపు ఛాయను తుడుచుకునే ఏర్పాటు లోపలే ఉంటుంది. గుయ్‌మని మూలిగింది. ఊదారంగు సగం పోయింది. మరో ఇరవై నిమిషాలు ఆగి వేస్తే మూలలతో సహా తెర మొత్తం నల్లగా, శుభ్రంగా వచ్చింది. దాని మీద పసుపు అక్షరాలు మళ్ళీ మెరిశాయి.

"అయస్కాంతం వల్లేనండీ," అన్నాను.

"చూశావా! అన్నయ్యగారు చెయ్యి పెట్టారంటే అంతే!" అంటూ తోడల్లుడు పెరట్లో ఉన్న వాళ్ళమ్మగారిని పిలుచుకు రావడానికి పరిగెత్తారు.

మరదలు మాత్రం నిలబడ్డచోటు నుంచి కదల్లేదు. "మొన్న వచ్చినప్పుడు మీ తాళాలు దీనికి అతుక్కున్నాయి కదండీ బావగారూ," అంది మెల్లగా.

"అప్పుడు తట్టలేదమ్మా," అన్నాను.

"అలాగేలెండి."

ఆమె గది మూలకు వెళ్ళి అయస్కాంతం తీసుకుని, దానికున్న నల్లదారం విప్పింది. "వీధిలో వాళ్ళ కోసం కాదండీ ఇది కట్టింది. వాళ్ళు చూసిపోవడం తర్వాత సంగతి. మొదటిసారి మీరొచ్చి, గంటసేపు దాని ముందు కూర్చుని వెళ్ళారు చూడండీ, ఆ సాయంత్రమే నాడా కోసం వెతకడం మొదలుపెట్టాను. ఎవరి దిష్టో మా ఆయనకి చెప్పలేదు, మీరూ చెప్పకండి."

అయస్కాంతాన్ని నా సంచిలో పెట్టి, దుప్పటి మడతపెట్టుకుంది. పెరట్లోంచి తోడల్లుడు, నాకు భోజనం పెట్టకుండా పంపవద్దని కేక వేస్తున్నారు.