ఉప్పు నీళ్లకు నీలమైన బంగారం

2006 మే నెల, రెండో ఆదివారం. మా తమ్ముడి కూతురు తన పరిశోధన చూసే ప్రొఫెసరుని వెంటబెట్టుకుని సంతబొమ్మాళి దగ్గర మా ఊరొచ్చింది. సీసాలో ఎర్రటి ద్రావణం తెచ్చారు. అందులో కంటికి కనిపించనంత సన్నని బంగారు రేణువులున్నాయట. కొలెస్ట్రాల్ మీద పనిచేసే ఎంజైమొకటి దానికి కలిపి, వేలి రక్తం నుంచి తీసిన తేటను నీళ్లతో పల్చన చేసి వేస్తారు. కొలెస్ట్రాల్ ఎక్కువుంటే ఎరుపు నీలమవుతుంది.

మా వరండాలో పదిహేడు మంది వేళ్లు గుచ్చించుకున్నారు. మొదటి పదిమందిలో ఇద్దరిది నీలమైంది. అక్కడితో వాళ్లు తెచ్చుకున్న శుద్ధమైన నీళ్లు అయిపోయాయి. ప్రొఫెసరు మా బావి నీళ్లు తోడించాడు. వేసవిలో ఆ ఉప్పు నీళ్లకి పప్పు కూడా ఉడకదు. ఉప్పు తగిలితే బంగారం దానంతటదే నీలమైపోతుందని మా పిల్ల గొణిగింది. నీళ్లన్నీ నీళ్లేనన్నాడాయన. మిగిలిన ఏడుగురికి ఏడుగురూ నీలమే.

ఆ ఏడుగురిలో మాకు చేపలు తెచ్చే మనిషి ఒకతె. ప్రొఫెసరు మా జీడిపప్పు నోటి నిండా కుక్కుకుని నములుతూనే, చేపలూ కొబ్బరీ మానేసి టెక్కలి వెళ్లి మాత్రలు రాయించుకోమని ఆమెకి చెప్పాడు. పెదవి మీది పప్పుముక్క తుడుచుకోనైనా లేదు. పప్పు పళ్లెం లోపలికి తీసేశాను.

ఆయన నడుం వాల్చాక, రక్తం లేకుండా ఉత్త బావి నీళ్లు వేసి చూడమని మా పిల్లకి చెప్పాను. నీలమైంది.

"వెళ్లి ఆమెకి చెప్పు" అన్నాను.

"నా థీసిస్ మీద ఆయన సంతకం పెట్టాలత్తా" అంది, గాజు గొట్టాలు సర్దుకుంటూ. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఆయనంటే ఎంతో, అదన్నా అంతే రోత పుట్టింది.

మర్నాడు నేనే ఆ చేపల మనిషి ఇంటికి వెళ్లాను. ఆమె చేపల కూర కోడలికి వడ్డించి, తాను గంజి తాగుతోంది. ఆ పరీక్ష చెల్లదనీ, అది బావి ఉప్పు చేసిన పనేననీ చెప్పాను. నిదానంగా వింది.

"మీ పిల్ల అక్కడే నిల్సున్నాది గదమ్మా. ఉప్పే అయితే ఆ పిల్ల సెప్పదేటి?"

ఇంటికొచ్చి, అప్పటికే వెళ్లిపోయిన మా పిల్లకి ఫోన్ చేశాను. వచ్చి ఆ ఒక్క మాట ఆమెతో చెప్పేదాకా నా గడప తొక్కొద్దన్నాను.

2008లో మా పిల్ల పట్టా పుచ్చుకుంది. రాలేదు. ఆ మనిషి మాకు చేపలు తెస్తూనే ఉంది. తాను ముట్టదు.