కొమ్ముల్లేని పశువుకి బీమా

మా కుక్కకి ఆరోగ్య బీమా చేయిద్దామన్న మాట మొదట నా నోటి నుంచే వచ్చింది. అన్నందుకు మూడు రోజులు ఇంట్లో నవ్వారు, నాలుగో రోజుకి వీధిలో నవ్వారు, వారం తిరక్కుండా ఎచ్చెర్లలో నేను టైపిస్టుగా పనిచేసే యూనివర్సిటీ ఆఫీసు దాకా ఆ నవ్వు పాకింది. "మా ఆయనకే నేదు బీమా. మీ కుక్క ఏటి పున్నెం సేసుకున్నాదో" అంది పక్క సీటావిడ. ఆవిడ మొగుణ్ణి నేను చూశాను. మా కుక్కే నయం అనిపించింది గానీ పైకి అనలేదు. ఆ రోజు టీ ఆవిడే తెప్పించింది.

కుక్క మాకు కళింగపట్నంలో దొరికింది. ఎండు చేపలు కొందామని ఒక ఆదివారం నేనూ మా ఆయనా వెళ్ళాం. ఒడ్డున ఆరబెట్టిన చేపల పక్కన తేనె రంగు పిల్ల ఒకటి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని వదల్లేదు. జాలిపడి సంచిలో ఎండు నెత్తళ్ళ మీద కూర్చోబెట్టాను. శ్రీకాకుళం వచ్చేసరికి నెత్తళ్ళు తగ్గాయి, కుక్క పొట్ట పెరిగింది.

మావయ్య, అంటే మా ఆయన తండ్రి, గుమ్మంలోనే ఆపేశారు.

"ఏటే ఇది?"

"కుక్క మావయ్యా."

"అది నాకూ అగుపిస్తన్నాది. ఎందుకూ అని."

ఆయన నలభై ఏళ్ళు సంతల్లో పశువుల బేరాలు కుదిర్చిన మనిషి. ట్రాక్టర్లు వచ్చి సంతలు పల్చబడ్డాక బేరాలు మానేసి మా దగ్గరికి వచ్చేశారు గానీ, ఆ చూపు మాత్రం మానలేదు. పళ్ళు చూడకుండా, తోక ఎత్తకుండా ఏ జంతువునీ ఆయన పలకరించగా నేను చూడలేదు. మా కుక్కకీ నోరు తెరిచి చూసి, "పాలియ్యదు, దున్నదు, బండి లాగదు" అని మూడు ముక్కల్లో తేల్చేశారు. మేం పెట్టిన పేరుతో ఒక్కనాడూ పిలవలేదు. "కోడలి కుక్క" అనేవారు. "ఒలే కోడలి కుక్కా" అంటే చాలు, నేను అన్నం గిన్నె పట్టుకుని నిలబడ్డా సరే, అది నన్నొదిలేసి ఆయన దగ్గరికి ఉరికేది. నాకు మండిపోయేది.

రెండేళ్ళు బాగానే గడిచాయి. తర్వాత ఒకరోజు మా ఆయన కోనెం చేప తెచ్చారు. ఆయన బస్సు కండక్టరు. చిల్లర దగ్గర తప్ప ఎవరితోనూ వాదించరు, చేప బేరం కూడా ఆడరు. తలకాయ కుక్కకి వేశాను. గేలానికి పడిన చేప అది. గేలం ముక్క విరిగి తలలోనే ఉండిపోయిందని నాకేం తెలుసు? అది కుక్క గొంతులో గుచ్చుకుంది. ఒళ్ళో పెట్టుకుని ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరమ్మ మత్తిచ్చి పటకారు లాంటిదానితో బయటికి లాగింది. "గొంతులో ఆగింది కాబట్టి సరిపోయింది. కడుపులోకి దిగుంటే విశాఖపట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాల్సొచ్చేది" అంది.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా ఆయన నవ్వారు. "కుక్కకి ఆపరేసనేటే? నలుగురూ నవ్వుతారు."

ఆ నవ్వు నాకు తెలుసు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా పుట్టింట్లో నల్ల కుక్క ఒకటి ఉండేది. ఏదో తినకూడనిది తిని నురగలు కక్కింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని నేను ఏడ్చాను. "కుక్కకి డాక్టరేటి గుంటా" అని మా నాన్న నవ్వాడు, కళ్ళంలో పనివాళ్ళు నవ్వారు. మా నాన్న చెడ్డవాడు కాదు. నవ్వితే నేను ఊరుకుంటాననుకున్నాడు. సాయంత్రానికి కుక్క గడ్డివాము వెనక చచ్చిపోయింది. దాన్ని చంపింది విషం కాదు, ఆ నవ్వే అని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే నాకు బీమా కావాల్సొచ్చింది. డబ్బు కోసం కాదు. మన మనుషులు మాట వినరు గానీ కాయితం వింటారు. రేపు దానికి ఏదైనా అయితే, 'కుక్కకి వైద్యమేటి' అన్నవాడి ముఖం మీద ముద్ర వేసిన కాయితం పెట్టాలి. ఇరవై ఏళ్ళుగా కాయితాలు కొడుతున్నాను, వాటి బలం నాకు తెలుసు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు కంప్యూటర్లో వెతికాను. కుక్కలకి బీమా ఉండడం అయితే ఉంది. కానీ అది పెద్ద పట్నాల్లోని జాతి కుక్కలకి. వంశం వివరాలు అడిగారు. మా కుక్క తల్లి ఎవరో కళింగపట్నం ఒడ్డుకే తెలియాలి, తండ్రి ఎవరో ఆ ఒడ్డుకి కూడా తెలియదు.

ఇక మిగిలింది మా చిన్నాన్న కొడుకు, నన్ను అప్పా అని పిలిచే తమ్ముడు. వాడు బీమా ఏజెంటు. పెళ్ళిలో కనబడినా, చావులో కనబడినా జేబులోంచి ఒక ఫారం తీస్తాడు. జీవితంలో మొదటిసారి నేనే వాడికి ఫోన్ చేసి రమ్మన్నాను. వాడు భయపడ్డాడు.

"అప్పా, కుక్కల ఫారం మా ఆఫీసులో నేదు" అన్నాడు వచ్చి. "పశువుల ఫారం ఉన్నాది. దాని మీదే రాసియ్, పైనోళ్ళు సూసుకుంటారు అన్నాడు మా సారు."

అందరం వీధి అరుగు మీద కూర్చున్నాం. మావయ్య గోడకి జారబడి చుట్ట కాలుస్తున్నారు. తనకేమీ పట్టనట్టు వీధి వైపు చూస్తున్నారు. కుక్క ఆయన కాళ్ళ దగ్గరే ఉంది. మావాడు కలం తీశాడు.

"దుక్కి పశువా, పాడి పశువా?"

"కుక్కరా" అన్నాను.

"కుక్కే అప్పా. రెండిట్లో ఏదో ఒకటి టిక్కెట్టాలి." ఆలోచించి పాడి దగ్గర టిక్కు పెట్టాడు, ఆడది కదా అని. "ఎన్ని ఈతలు? రోజుకి ఎన్ని లీటర్లు? కొమ్ముల ఆకారం?"

"నీ తలకాయ ఆకారం అని రాయి."

'కొమ్ములు లేవు' అని రాశాడు. తోక కుచ్చు రంగు అన్నచోట మాత్రం కుక్కనే వెనక్కి తిప్పి చూసి, శ్రద్ధగా తేనె రంగు అని నింపాడు. అది ఒక్కటీ సరిగ్గా కుదిరిందని వాడికి ఎంత సంతోషమో.

నేను అసలు సంగతి అడిగాను. "జ్వరం వస్తే ఏమిస్తారు?"

"జొరానికేటీ రాదప్పా."

"కాలు విరిగితే?"

"రాదు."

"మరి దేనికొస్తుందిరా?"

"సచ్చిపోతే వస్తాది" అన్నాడు ధైర్యం చెబుతున్నట్టు. "సచ్చిపోతే మట్టుకు గ్యారంటీగా వస్తాది."

చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, బతికున్న కుక్కకి విలువ లేదు గానీ చస్తే వస్తుందన్నమాట. వాడి ఫారం వాడి మొహాన కొట్టాలనిపించింది. కానీ వాడే ఇంకో మాట చెప్పాడు. బీమా కట్టే ముందు డాక్టరు చూసి ఆరోగ్యంగా ఉందని రాసివ్వాలట. ఏడాదికోసారి మళ్ళీ చూడాలట. సరే, అదీ కాయితమే కదా. ఏ వంకనైనా ఏడాదికోసారి డాక్టరు చెయ్యి దాని మీద పడుతుంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానివ్వమన్నాను.

"సెవికి పచ్చ బిళ్ళ కొడతారు" అన్నాడు వాడు.

అప్పుడు మొదటిసారి మావయ్య ఇటు తిరిగారు. "సచ్చినాక ఆ సెవి కోసి అట్టుకెల్లాలి కదేటి. మా కాలంలో గేదెలకి అలగే సేసేవోరు. సెవి సూపిత్తేనే డబ్బులు."

"ఇప్పుడు బిళ్ళొకటీ తెస్తే సాలు మావయ్యా, ఫొటో తీత్తారు."

మావయ్య కుక్క చెవి పట్టుకుని వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చున్నారు. అది కళ్ళు మూసుకుంది.

"ఆకరి గడి" అన్నాడు మావాడు. "పశువు ధర. మావయ్యా, ఇది నువ్వు సెప్పాల. నీకు తెలిసినట్టు మాకేటి తెలుస్తాది? ఏపాటి సేస్తాది ఇది?"

మావయ్య చుట్ట ఆర్పి పక్కన పెట్టారు. భుజం మీది తువ్వాలు తీసి దులిపి, తన కుడిచేతి మీద కప్పుకుని, ఆ చెయ్యి మావాడి ముందుకి చాపారు.

సంతలో పశువు ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్ళు పట్టి చెప్పుకుంటారు. ఏ వేలు పడితే ఎంతో వాళ్ళకే తెలుసు. చుట్టూ వందమంది ఉన్నా పక్కవాడికి అంతుపట్టదు. మావాడికీ ఆ సంగతి తెలుసు. పెద్ద బేరగాడు తనతో బేరానికి దిగాడని మురిసిపోయి, ఉత్సాహంగా తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు.

కాసేపు వెతికాడు. తువ్వాలు అటూ ఇటూ కదిలింది. వాడి ముఖంలో నవ్వు పోయింది.

"అప్పా, మావయ్య వేళ్ళు ఇవ్వట్నేదు. పిడికిలి బిగించీసినాడు." వాడు నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కొడతాడేటి?"

నాకూ అర్థం కాలేదు. మా ఆయనకి అర్థమైంది. అంతసేపూ మాట్లాడని మనిషి లేచి నిలబడి, "కాయితాలు సర్దీరా, బావమరిదీ. బేరం నేదు" అన్నారు.

మావయ్య తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకుని, చుట్ట వెలిగించుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. నెల రోజులు ఊరంతా నవ్వినా పట్టించుకోకుండా తిరిగి తిరిగి ఆఖరి గడి దాకా తెచ్చాను. అక్కడ ఈయన పిడికిలి పెట్టారు. ఎప్పుడూ ఎదురు మాట్లాడనిదాన్ని ఆ రోజు అడిగేశాను.

"రేపు దానికి జబ్బు చేస్తే ఏం చేస్తారు మావయ్యా?"

ఆయన నన్ను తెలివి తక్కువదాన్ని చూసినట్టు చూశారు. "జబ్బు సేత్తే డాక్టరు కాడికి అట్టుకెల్తాం. ఇంకేటి సేస్తాం?"

 నెల రోజులుగా ఏ మాటని కాయితం చేత అనిపించాలని తిరిగానో, ఆ మాట ఆయన చుట్ట తీయకుండానే అనేశారు. ఎవరూ నవ్వలేదు. మావాడు మాత్రం సంచి సర్దుకుంటూ, "అప్పా, బావకి ఒక పాలసీ ఉన్నాది" అని మొదలుపెట్టాడు. వాడిని వీధి చివర దాకా నేనే సాగనంపాను.

తర్వాత వంటింట్లో మా ఆయన చెప్పారు. తువ్వాలు కింద పిడికిలి పెడితే, ఇది అమ్మేది కాదు, ఇంక అడక్కు అని. సంతకి తోలుకొచ్చిన పశువుకి ఎవరూ పిడికిలి పెట్టరు. వాళ్ళ నాన్న బతుకంతా దేనికీ పెట్టలేదట. "నా ఏడేళ్ళప్పుడు నా పెయ్య ఉండేది. నా పక్కనే పడుకునేది. దాన్ని కూడా అమ్మీసినాడు. నాను సంత దాకా ఏడుసుకుంటా ఎనకాలే ఎల్లినాను. నా కల్లముందే తువ్వాలు కింద వేళ్ళిచ్చీసినాడు." ఆయన చెంబుడు నీళ్ళు తాగి, "కుక్కకి ఇయ్యనేదు" అన్నారు. కోపంగా అన్నారో సంతోషంగా అన్నారో చెప్పలేను. రెండూ ఉన్నాయనుకుంటాను. నాకైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఉల్లిపాయ కోస్తున్నాను కాబట్టి పరువు దక్కింది.

ఆ వానాకాలంలో కుక్కకి ఒళ్ళంతా రక్తం పీల్చే గోమార్లు పట్టాయి. రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను పొద్దున్న ఆఫీసుకి వెళ్ళేటప్పుడు, సెలవు పెట్టి మధ్యాహ్నం వస్తాను, ఆసుపత్రికి తీసుకెళ్దాం అని చెప్పి వెళ్ళాను. వచ్చేసరికి ఇంటికి తాళం. పక్కింటావిడ, "మీ మావ దాన్ని ఎత్తుకుని ఆటో ఎక్కీసినాడు. సెప్పులు కూడా ఏసుకోనేదు" అంది.

పశువుల ఆసుపత్రి వరండాలో ఉన్నారు ఇద్దరూ. చుట్టూ గేదెలు, మేకలు, వాటి మనుషులు. మావయ్య నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. కుక్క తల ఆయన తొడ మీద ఉంది. ముందు కాలికి సెలైను ఎక్కుతోంది. వానకి తడిసి వణుకుతుంటే దాని మీద తన తువ్వాలు కప్పారు. ఆయన భుజం ఖాళీగా ఉంటే ఎవరో తెలియని ముసలాయనలా కనిపించారు.

"గోమారి జొరమంట" అన్నారు నన్ను చూసి. "సూదులు ఐదు రోజులు ఏయించాలంట. రేపు నువ్వు ఆపీసుకెల్లిపో, నానొస్తాను."

పక్కన గేదెని తోలుకొచ్చిన రైతొకాయన అప్పటికే కాసేపటి నుంచీ చూస్తున్నట్టున్నాడు. మావయ్యని సంతల్లో ఎరిగిన మనిషే. నవ్వు ఆపుకోలేక అడిగాడు. "ఏటి బావా, నాటు కుక్కకి సెలైనెట్టిస్తన్నావు. ఏపాటి సేస్తాది ఏటిది?"

వరండాలో రెండు మూడు నవ్వులు వినబడ్డాయి. అదే నవ్వు. జవాబు చెబుదామని నేను నోరు తెరిచాను. కానీ మావయ్యే ముందు మాట్లాడారు, కుక్క చెవి నలుపుతూ, తల ఎత్తకుండా.

"బేరానికి తువ్వాలు ఖాళీ నేదురా. దీనికి కప్పీసినాను."