పీట కింద ఇటుకలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పగలు అనేది ఉండేది కాదు. మాటవరసకు అనడం లేదు, నిజంగానే ఉండేది కాదు. మా నాన్న రాయచూరు దగ్గర కృష్ణ ఒడ్డున కట్టిన కరెంటు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని చేసేవాడు. వారం పగటి షిఫ్టు, వారం రాత్రి షిఫ్టు అని కాగితం మీద రాసి ఉండేది కానీ, ఎవరు అడిగినా కాదనలేక వాళ్ళ రాత్రులు కూడా తనే చేసేవాడు. పొద్దున వచ్చి పడుకుంటే సాయంత్రం దాకా లేచేవాడు కాదు. ఆయన నిద్ర చెడకూడదని క్వార్టర్‌కు ఉన్న రెండు కిటికీలకూ అమ్మ నల్ల గొంగళ్ళు కట్టింది. కాలనీలో రాత్రి షిఫ్టు వాళ్ళ ఇళ్ళన్నీ అంతే. బయటి నుంచి చూస్తే ఇంటిల్లిపాదీ ఊరెళ్ళారేమో అనిపించేది.

ఆ చీకట్లో అమ్మ ఏడేళ్ళు కాపురం చేసింది. గిన్నె చప్పుడు కాకుండా వండేది, చీపురు చప్పుడు కాకుండా ఊడ్చేది. పెరట్లో బట్టలు ఆరేస్తే ఫ్యాక్టరీ బూడిద పడుతుందని వాటినీ లోపలే ఆరేసేది. కొళాయి ఇంట్లోనే ఉండేది, కూరగాయల బండి గుమ్మం దాకా వచ్చేది. అయినా రాయచూరు ఎండలోకి పోవాలని ఎవరికి సరదా? మా వైపు వైశాఖ మాసంలో కాకి కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుని బయటికొస్తుంది. ఎండ ముఖం చూడకుండా బతకగలిగిన ఆడమనిషిని అదృష్టవంతురాలు అనేవాళ్ళు. అమ్మ కూడా అలాగే అనుకునేది.

నాకు పదేళ్ళు వచ్చేసరికి ఆ అదృష్టవంతురాలికి కింద కూర్చుంటే లేవడం కష్టమైంది. మొదట మోకాలి మీద చెయ్యి వేసి లేచేది. తర్వాత గోడ పట్టుకుంది. తర్వాత నన్ను పిలవడం మొదలుపెట్టింది. నడుము నొప్పి, తుంటి నొప్పి, కాలి ఎముక మీద పొరపాటున చెయ్యి పడినా ప్రాణం పోయినంత బాధ. నడక కూడా మారిపోయి, అటూ ఇటూ ఊగుతూ బాతులా నడిచేది. బళ్ళో నా తోటి పిల్లలు ఆ నడక నడిచి చూపించి నవ్వేవాళ్ళు. అప్పుడు నేనేమన్నానో చెప్పాలంటే ఇప్పటికీ నాకు సిగ్గే. వాళ్ళను కోప్పడలేదు. మా అమ్మకు బద్ధకం, అందుకే అలా నడుస్తుంది అన్నాను.

ఒకసారి రాయచూరు బస్సు ఎక్కబోతూ అమ్మ మెట్టు మీద కాలు పెట్టి, ఒంటిని పైకి లేపలేక అలాగే నిలబడిపోయింది. వెనక జనం. త్వరగా ఎక్కమని కండక్టరు కన్నడంలో కేకలు. చివరికి ఇద్దరు ఆడవాళ్ళు వెనకనుంచి నెట్టి ఎక్కించారు. నేను అప్పటికే ఎక్కేసి, ఆమె ఎవరో నాకు తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అమ్మ నా పక్కకు వచ్చి కూర్చుంది.

నాన్న చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. రెండు మూడు రకాల టానిక్కులు తెచ్చి పెట్టాడు. ఏదీ పని చెయ్యలేదు. ఒకరోజు బాగా పొద్దెక్కాక ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి పొయ్యి వెలగలేదు. అమ్మ కూరగాయలు తరగడానికి కింద కూర్చుని, మళ్ళీ లేవలేక, నేను బడికి పోయిన దగ్గర్నుంచి అక్కడే ఉండిపోయింది. ఆయన ఆకలి మీద, నిద్ర మీద ఉన్నాడు.

"ఇట్ల కూసుంటే ఇల్లెట్ల నడుస్తది? కొన్ని దినాలు కల్మలకు పోయి మీ అన్న ఇంట్ల ఉండు. పిల్లను గూడ తీస్కపో" అన్నాడట.

కల్మల అమ్మ పుట్టిన ఊరు. ఆమె దేనికి భయపడుతూ వచ్చిందో అదే జరిగింది. జబ్బు చేసి పుట్టింటికి వెళ్ళిన ఆడది మళ్ళీ ఎప్పుడు వస్తుందో చెప్పడానికి ఎవరి దగ్గరా తేదీ ఉండదు. నాకు బడి పోతుంది, అమ్మకు ఇల్లు పోతుంది. సాయంత్రం నేను వచ్చేసరికి అమ్మ ట్రంకు పెట్టె దగ్గర కూర్చుని చీరలు మడత పెడుతోంది.

మమ్మల్ని కల్మలలో దించి రమ్మని నాన్న తన తండ్రికి కబురు పంపాడు. మా తాతయ్య రాయచూరు పత్తి బజారులో నలభై ఏళ్ళు తూకం వేసిన మనిషి. నీళ్ళు చల్లి బరువు పెంచిన పత్తిని మూటలో చెయ్యి పెట్టి పట్టేసేవాడట. ఎవరు ఏం చెప్పినా తనకై తాను చూసుకుంటే తప్ప తల ఊపేవాడు కాదు. ఆ మనిషి వచ్చి, చాయ్ తాగి, ట్రంకు పెట్టె వైపు ఒకసారి చూసి, గది మధ్యలో పీట వేయమన్నాడు. అమ్మను కూర్చోమన్నాడు. దేన్నీ పట్టుకోకుండా లేవమన్నాడు.

అమ్మ మూడుసార్లు ప్రయత్నించింది. ముఖమంతా చెమట పట్టింది. లేవలేకపోయింది. తాతయ్య తర్వాత నన్ను కూర్చోమన్నాడు, నేను నవ్వుతూ లేచాను. డెబ్బై ఏళ్ళ ఆయన కూడా కూర్చుని, ఒక మూలుగు మూలిగి, లేచాడు. అప్పుడు నాన్న వైపు తిరిగాడు.

"బద్ధకమున్నోళ్ళు లేవనంటరు. గీమె లేస్తనంటుంది, కాళ్ళు లేపుతలేవు. గా రెండిట్ల ఫరక్ తెలుస్తలేదా నీకు?"

నాన్న తల వంచుకున్నాడు. నేను కూడా వంచుకున్నాను కానీ ఎందుకో ఎవరూ అడగలేదు.

మర్నాడు తాతయ్య మమ్మల్ని తీసుకెళ్ళింది కల్మలకు కాదు, రాయచూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి. ఆవిడ అమ్మ కాలి ఎముక నొక్కి చూసింది, రక్తం తీయించింది, ఎక్స్‌రే తీయించింది. అవన్నీ చూశాక రోజూ ఎంతసేపు ఎండలో ఉంటావు అని అడిగింది. అమ్మ కిటికీలకు గొంగళ్ళు కట్టిన సంగతి కాస్త గొప్పగానే చెప్పింది. విటమిన్ డి లేక ఎముకలు మెత్తబడ్డాయి, అందుకే కండల్లోనూ బలం పోయింది అని డాక్టరమ్మ తేల్చింది. అది ఎండ తగిలితే ఒంట్లో తయారవుతుందట.

అమ్మకు నవ్వొచ్చింది. "రాయచూర్ల ఎండ కరువా డాక్టరమ్మా? ఎవరన్న వింటే నవ్వుతరు" అంది.

ఎండ రాయచూరులో ఉంది కానీ నీ ఒంటికి తగలడం లేదు కదా అంది ఆవిడ. పొడి ఉన్న చిన్న చిన్న పొట్లాలు రాసిచ్చింది. వారానికి ఒక్కటి, పాలల్లో కలుపుకుని తాగాలి. ఒకటి అంటే ఒకటే, ఎక్కువైతే అదే కీడు చేస్తుందని రెండుసార్లు చెప్పింది. రోజూ కాల్షియం బిళ్ళలు, కాసేపు పెరట్లో ఎండ. రోజుల్లో తగ్గేది కాదు, నెలలు పడుతుందని కూడా చెప్పింది.

ఇంటికి రాగానే తాతయ్య ముందు చేసిన పని కిటికీల గొంగళ్ళు విప్పడం. పగలు నిద్ర ఎలా పడుతుందని నాన్న గునిశాడు. "కండ్లు మూసుకోవాల్సింది నువ్వురా. ఇంటికి గంతలెందుకు కడుతవ్?" అని తాతయ్య తన తువ్వాలు తీసి ఇచ్చాడు. ఆ రోజు నుంచి నాన్న కళ్ళకు తువ్వాలు కట్టుకుని పడుకునేవాడు. గురకపెట్టే ఆ గంతల మనిషిని చూసి నేనూ అమ్మా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. ఆ ఇంట్లో నవ్వు వినపడక అప్పటికి చాలా రోజులైంది.

తాతయ్య తిరిగి వెళ్ళలేదు, మా దగ్గరే ఉండిపోయాడు. పొట్లానికి ఆదివారం అని రోజు పెట్టాడు. రోగిష్టిదానిలా అందరి ముందూ మందు తాగాలంటే అమ్మకు నామోషీగా ఉండేది. తనకూ డాక్టరు రాశారని చెప్పి తాతయ్య కూడా ఒక పొట్లం విప్పి తన పాలల్లో కలుపుకునేవాడు. ఇద్దరూ పెరట్లో ఎండలో కూర్చుని తాగేవాళ్ళు. ఒకసారి ఆయన గ్లాసు అడుగున మిగిలింది నేను నాకి చూస్తే ఉత్త చక్కెర. అదేమిటని నిలదీస్తే నన్ను పక్కకు పిలిచాడు.

"ఒక్కతె తాగితే అది బీమారు బిడ్డా. ఇద్దరం తాగితే ఆదివారం" అన్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు.

అసలు మాయ వేరే ఉంది. అమ్మ పీట మీద నుంచి లేవలేకపోయింది కదా. కాలనీలో ఏదో రిపేరుకు తెచ్చిన ఇటుకలు మిగిలి ఉంటే అడిగి తెచ్చి, తాతయ్య పెరట్లో పీట కింద అటు ఐదు, ఇటు ఐదు పేర్చాడు. అది కుర్చీ అంత ఎత్తైంది. కిటికీకి విప్పిన గొంగడి ఒకటి దాని మీద నేలదాకా కప్పాడు. ఆ ఎత్తు మీద నుంచి అమ్మ సునాయాసంగా లేచింది. రోజూ ఎండలో దాని మీదే కూర్చోవాలి, చెయ్యి ఆనకుండా పదిసార్లు లేవాలి అని తాతయ్య నియమం పెట్టాడు.

మొదటి నెలంతా ఏమీ మారలేదు. నొప్పులు అలాగే ఉన్నాయి, నడక అలాగే ఉంది. కాలనీ ఆడవాళ్ళు గోడ మీంచి చూసి, ఈ మండే ఎండలో మామా కోడలూ ఈ కూర్చోవడం లేవడం ఏమిటో అని బుగ్గలు నొక్కుకున్నారు. అమ్మకు ఓపిక పోయింది.

"ఒక్క వారం రెండు పొట్లాలేస్తే జల్ది తగ్గదా మామా?" అని అడిగింది.

"తరాజుల ఇంకో రాయేస్తే పత్తి పెరుగుతదా? డాక్టరు ఒకటన్నది. ఒకటే" అన్నాడు తాతయ్య.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం, అమ్మ వంటింట్లో ఉండగా ఆయన నాకు సైగ చేశాడు. పీట ఎత్తి అటొకటి ఇటొకటి ఇటుక తీసేసి, గొంగడి మళ్ళీ నేలదాకా కప్పాడు. ఇటుకలు మోసి కట్టెల చాటున దాచడం నా పని. నోరు విప్పితే కళ్ళు పోతాయని ఒట్టు కూడా పెట్టించుకున్నాడు. మర్నాడు అమ్మ కూర్చుంది, కొంచెం కష్టపడి లేచింది. ఏమీ అడగలేదు. ఇరవై రోజులు పోయాక మరో జత తీశాం.

ఆ జత తీసినప్పుడు మాత్రం అమ్మ, "పీట కుంగినట్టుంది మామా" అంది.

"నల్లరేగడి భూమి. కుంగకేం చేస్తది" అన్నాడు ఆయన, ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా. నిజంగా అమ్మకు తెలియలేదా, తెలిసీ ఊరుకుందా అని ఇప్పటికీ నాకు అనుమానమే. అప్పుడు మాత్రం ప్రపంచంలో నాకు, తాతయ్యకు తప్ప ఇంకెవరికీ ఆ రహస్యం తెలియదని నేను గర్వంతో చచ్చిపోయేదాన్ని.

మెల్లగా ఒక్కొక్కటే తెలిసొచ్చింది. ఒకరోజు నేను బడి నుంచి వచ్చాక గుర్తొచ్చింది, ఆ వారమంతా లేపమని అమ్మ నన్ను పిలవనే లేదు. ఇంకోరోజు అటక మీది డబ్బా తనే దించుకుంది. పొట్లాలు వారానికొకటి నుంచి నెలకొకటికి తగ్గాయి. శ్రావణమాసం వచ్చేసరికి పీట కింద ఒక్క జతే మిగిలింది. ఒక శనివారం సాయంత్రం దాన్నీ తీసేశాం. ఆ రాత్రి నాకు సరిగ్గా అన్నం సయించలేదు.

ఆదివారం పొద్దున అమ్మ వచ్చి కూర్చుంది. కిందికి, ఇంకా కిందికి వెళ్ళి కూర్చుంది. పాలు తాగి గ్లాసు పక్కన పెట్టింది. రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి. కాళ్ళు దగ్గరికి లాక్కుంది, ముందుకు వంగింది, లేచి నిలబడింది.

తాతయ్య గొంగడి లాగేశాడు. కింద ఉత్త పీట, దాని కింద నేల. నేను పరుగున పోయి కట్టెల చాటు నుంచి ఇటుకలన్నీ తెచ్చి వరసగా పెట్టాను. అమ్మ వాటి వైపు చూసింది, పీట వైపు చూసింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. పీటను కాలితో పక్కకు నెట్టి నేల మీద కూర్చుని లేచింది. ఎనిమిదిసార్లో తొమ్మిదిసార్లో లేచింది, నవ్వుతూ, ఏడుస్తూ. ఆ గోలకు నాన్న తువ్వాలు నుదుటి మీదికి నెట్టుకుని బయటికొచ్చి, గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు సిద్ధంగానే ఉంది. పక్కింటి అక్క గోడ మీంచి చప్పట్లు కొట్టింది. ఆ ఏడు కాలనీ గణపతి పండగలో ఆడవాళ్ళ కుర్చీలాటకు అమ్మ పేరు రాయించింది ఆ అక్కే. చివరి కుర్చీ దాకా వచ్చి అమ్మ రెండో స్థానంలో నిలిచింది. గెలిచింది కూడా ఆ అక్కే, అది వేరే సంగతి. అమ్మకు స్టీలు డబ్బా ఇచ్చారు. దాన్ని రాజ్యం గెలిచిన దానిలా చంకన పెట్టుకుని, కాలనీ వీధంతా తిరిగి ఇంటికొచ్చింది.

డబ్బా గెలిచిన ఆ సాయంత్రం నేను ధైర్యం చేసి నిజం చెప్పేశాను. నీకు బద్ధకమని బళ్ళో అందరికీ చెప్పింది నేనే, బస్సులో నువ్వెవరో తెలియనట్టు కూర్చున్నది కూడా కావాలనే అన్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నిన్నేమంటనే బిడ్డా" అంది అమ్మ. "నేను గూడ గట్లనే అనుకున్న. నాకు బద్ధకమే అనుకుని దినాం నన్ను నేనే తిట్టుకున్న."

ఇప్పుడు నాకు మనవరాలుంది. రెండేళ్ళ కిందట నాకూ ఒళ్ళు నొప్పులు మొదలై పరీక్ష చేయిస్తే విటమిన్ డి తక్కువని తేలింది. వారానికో మాత్ర వేసుకుని తేరుకున్నాను. మాత్ర మింగడంలో గొప్పేమీ లేదు, ఎవరైనా మింగుతారు. కానీ ముప్పై ఏళ్ళు టీచరుగా పని చేసి, ఆటల పీరియడ్‌లో పక్కకు కూర్చున్న పిల్లలను ఎందరినో చూశాను. ఇంట్లో కోడలు ఒక్కోరోజు పొద్దున మంచం దిగలేకపోవడం చూశాను. ఎవరైనా తమకు చేతకావడం లేదు అంటే నేను ముందు నమ్ముతాను, అడగాల్సినవి తర్వాత అడుగుతాను. వాళ్ళను తిట్టే మనిషి వాళ్ళ లోపల అప్పటికే ఒకరుంటారు, ఇంకొకరు అక్కర్లేదు.