అమ్మ చూసిన ఒక్క ముఖం

మా మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ బోరునీళ్లు అమ్మ నడుమును వంచేశాయి. మెడ కూడా బిగుసుకుపోయింది. తలెత్తి ఆకాశం చూసి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు. తెలంగాణ వచ్చాక ఇంటికి నల్లా నీళ్లు వచ్చాయి గానీ, ఆ నడుముకు అప్పటికే ఆలస్యమైపోయింది. మంచం పట్టే రోజు దూరం లేదని దవాఖానలో చెప్పారు. "గా లోపల ఒక్కసారి సముద్రం చూపియ్యి బిడ్డా" అంది. విశాఖ రైలెక్కించాను.

సముద్రాన్ని కాసేపు చూసి, "గిన్ని నీళ్లుండి ఏం ఫాయిదా, తాగరాకపాయె" అని తేల్చేసింది. తర్వాత తీరం రోడ్డు వెంట బొమ్మలు చూద్దామంది. బొమ్మలంటే ఏమున్నాయి, ఆమెకు కనిపించేవి దిమ్మెలూ పాదాలే.

"బూట్లున్నయి. ఎవరు బిడ్డా?"

"సిపాయి. ఈడ యుద్ధం ఓడలుంటయి."

"గీయనకు చెప్పులే."

"పుస్తకాలు రాసినాయన."

"మరి బూట్లోళ్లు, చెప్పులోళ్లు రాకముందు ఈడ ఎవరుండె? ఉత్తకాళ్లోళ్లు లేరా?"

ఎండకు నా తల మాడిపోతోంది, ఈమెకేమో ఊరి చరిత్రంతా కావాలి. "నడువమ్మా, ఉంటరు" అని విసుక్కున్నాను.

నిజంగానే ఉన్నాడు. రోడ్డు చివర, దిమ్మె లేకుండా నేల మీదే, వల లాగుతున్న జాలరి బొమ్మ. ఉత్తకాళ్లు. నడుము సగానికి వంచాడేమో, అతని ముఖం సరిగ్గా అమ్మ ముఖానికి ఎదురుగా వచ్చింది. అంత పెద్ద నగరంలో ఆమె చూడగలిగిన విగ్రహం ముఖం అదొక్కటే. చాలాసేపు చూసింది. చెయ్యి చాచి అతని వెన్ను నిమిరింది, మా ఊళ్లో ఒకరి నడుము ఒకరు నిమిరినట్టే.

"అయ్యో, గీయనకు గూడ మన నీళ్లేనా బిడ్డా?"

పక్కన ఫోటోలు దిగుతున్నవాళ్లు నవ్వారు. వాళ్ల చెంపలు పగలగొడదామన్నంత కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. వల లాగడానికి వంగాడమ్మా అని చెప్పాలి. చెప్పకుండానే ఆటో పిలిచాను.

ఆ చలికాలం అమ్మ మంచం పట్టింది. ఒకనాడు అన్నం తినిపిస్తుంటే అడిగింది.

"గాయన ఇంక వంగే ఉన్నడా?"

"లేదమ్మా. వల ఒడ్డుకొచ్చింది. లేచి నిలబడ్డడు."

అమ్మ ఆ ముద్ద మింగలేదు. నా చెయ్యి పక్కకు జరిపింది.

"అట్లయితె గాయన తాగింది మన నీళ్లు గాదు బిడ్డా" అంది.