నాయనమ్మ పాడని శుక్రవారం

నా చిన్నప్పుడు మంచి శుక్రవారం, అంటే గుడ్ ఫ్రైడే నాడు మా ఊరి గుడిలో ఏసుప్రభువుకు స్నానం చేయించేవారు. గుడి అంటే మా కతోలికుల చర్చి. మొయినాబాద్ నుంచి చేవెళ్ళ వెళ్ళే దారిలో కాస్త లోపలికి ఉండేది. మధ్యాహ్నం ప్రార్థన ముగిశాక శిలువ మీది స్వరూపాన్ని దించి నులకమంచం మీద పడుకోబెట్టి, ఇంట్లో మనిషి పోతే చేసినట్టే పసుపునీళ్ళతో తుడిచేవారు. తుడిచేది మా నాయనమ్మ. తుడుస్తూ "కొడుకా" అని పిలిచి ఏడుపుపాట అందుకుంటే మగవాళ్ళు కూడా తలలు దించుకునేవారు.

నాయనమ్మ అణిగిమణిగి ఉండే మనిషేమీ కాదు. ఫాదర్ ప్రసంగం సాగదీస్తే వినపడేటట్టు దగ్గేది. ఆ పాటలో ఆమె పిలిచేది ప్రభువును ఒక్కడినే కాదని ఊరికంతా తెలుసు. మా చిన్నాన్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్యాబ్ నడిపేవాడు. అప్పట్లో మా దిక్కు కుర్రవాళ్ళంతా పొలాలు వదిలి ఆ డ్యూటీలకే ఎగబడ్డారు. ఒక తెల్లవారుజామున లారీ గుద్ది పోయాడు. దవాఖాన నుంచి మూట కట్టి పంపారు, విప్పవద్దన్నారు. కన్నకొడుక్కి చివరి స్నానం కూడా చేయించలేకపోయింది ఆ తల్లి. అందుకే ఏటా చిన్నాన్న తువ్వాలతోనే ప్రభువు ముఖం తుడిచేది.

ఒక ఏడు, మంచి శుక్రవారానికి ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు ఫాదర్ బిషప్ గారి ఆజ్ఞ చదివారు. అన్ని గుళ్ళలో ఆరాధన ఒకే తీరుగా ఉండాలి, స్వరూపానికి స్నానాలు, శోకాలు ఇక వద్దు అని. చదివాక ఫాదర్ నాయనమ్మ వైపు చూడకుండానే లోపలికి వెళ్ళిపోయారు.

సాయంత్రానికి మా వాకిలి నిండిపోయింది. అందరికన్నా మా పెదనాన్న వేడి మీదున్నాడు. "బిషప్ సారు పట్నంల ఉంటడు. పక్క జాగల పందిరేద్దాం, మన ప్రభువును మనమే కడుగుదాం. నువ్వు పాడు అవ్వా, ఎవడాపుతడో సూస్త" అన్నాడు తల్లితో. అందరూ ఆమె వైపే చూశారు. ఆమె ఊ అంటే సగం ఊరు గుడి విడిచి వచ్చేసేది.

నాయనమ్మ తువ్వాల మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "నా కొడుకును మోసింది గుడోళ్ళంత కలిసే. ఇప్పుడు మీరొక దిక్కు, వాళ్ళొక దిక్కయితే నేను ఎవల ముంగట ఏడ్వాలె? బిషప్ సారు మనకు పెద్ద. ఒద్దన్నడు, నేను చెయ్య" అన్నది. పెదనాన్న విసురుగా లేచి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఆమె పొడి తువ్వాల ఒళ్ళో పెట్టుకుని గుడిలో నేల మీద కూర్చుంది. అందరితో పాటు వరుసలో వెళ్ళి శిలువ మీది పాదాలను ముద్దు పెట్టుకుంది. చేయి ప్రభువు ముఖం దాకా చాచి, వెనక్కి తీసుకుంది. పాట లేని ఆ గుడి నాకు మాది అనిపించలేదు. బయటకు వచ్చాక ఫాదర్ ఆమె చేతులు పట్టుకుని మెచ్చుకోబోయారు. ఆమె ఆపింది. "మాట ఇన్నదని బిషప్ సారుకు చెప్పురి ఫాదర్. గని ముసల్ది బాధపడలేదని మాత్రం చెప్పకురి. గది అబద్ధం."

ఫాదర్ ఆ మాట బిషప్ గారికి చేరవేశారట. ఆజ్ఞ మాత్రం మారలేదు.

ఇంటికి వస్తే, పొద్దున అలవాటు కొద్దీ ఆమె కలిపి పెట్టిన పసుపునీళ్ళు పెరట్లో అలాగే ఉన్నాయి. నాయనమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టి, తువ్వాల ముంచి నా ముఖం, చేతులు, కాళ్ళు తుడిచింది. పాడలేదు. ఆమె కన్నీళ్ళు నా పాదాల మీద పడుతుంటే నేను కదలకుండా కూర్చున్నాను. నా గుండె అప్పుడే మొదటిసారి పగిలింది.

ఆమె పోయినప్పుడు ఆ తువ్వాలతోనే ఆమె ఒళ్ళు తుడిచాను. పాట అందుకోమన్నారు ఆడవాళ్ళు. "అవ్వా" అని పిలిచాను గానీ ఆ తర్వాత ఒక్క మాట కూడా గుర్తు రాలేదు. గుడిలో ఆగిన పాట ఆమెతోనే పోయింది.

ఇప్పటికీ మంచి శుక్రవారం అందరితో పాటు వరుసలో నిలబడి శిలువను ముద్దు పెట్టుకుంటాను. పెద్దల మాట వింటాను. ఆ పాత పద్ధతి పోవడమే మంచిదయిందని ఎవరైనా అంటే మాత్రం తల ఊపను. మాకు బాధయిందనే చెప్తాను.