టీచరమ్మ మంచం కింద బిందె

మా చీపురుపల్లిలో అప్పులు తీర్చలేక కోర్టుకెక్కిన మనిషిని "ఐపీ పెట్టాడు" అంటారు. అనేటప్పుడు గొంతు తగ్గిస్తారు, పక్కింట్లో ఎవరో పోయినట్టు. మా ఆయన రెడీమేడ్ బట్టల కొట్టు మునిగి, ఇంక ఐపీ తప్ప దారి లేదని తేలిన రోజు ఆయన ఒకటే మాట పట్టుకున్నాడు. "ఒసే, ఐపీ వొద్దు. సెన్నై ఎల్లిపోదాం. ఈ ఊర్లో మొకం ఎలా సూపించుకుంతాను?"

నాకు ఒళ్ళు మండింది. "ఎవరి గిన్నెలు ఎత్తుకొచ్చామని పారిపోవాలి?" అన్నాను. అన్నానేగానీ నా భయాలు నాకున్నాయి. జప్తుకి కోర్టు అమీను వచ్చి ఇల్లంతా ఊడ్చుకుపోతాడట. మెళ్ళో పుస్తెలు కూడా తీయించేస్తారట. మా పిల్లకి రేపు ఉద్యోగం రాదట. ఇవన్నీ చెప్పింది కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునేవాళ్ళు. వాళ్ళలో ఒక్కరూ కోర్టు గుమ్మం ఎక్కినవాళ్ళు కాదు. అయినా నమ్మాను.

నమ్మి ఒక ఘనకార్యం చేశాను. మధ్యాహ్నం వీధంతా కునుకు తీసే వేళ, మా అమ్మ పెట్టిన ఇత్తడి బిందె, సంచిడు గిన్నెలు పట్టుకెళ్ళి ఎదురింటి టీచరమ్మకి ఇచ్చాను. ఆవిడ మా ఆయనకి మూడో తరగతి చెప్పిన మనిషి. రిటైరై ఒంటరిగా ఉంటారు, ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళతారు. "కొన్నాళ్ళు దాచండి టీచరమ్మా" అంటే ఎందుకని అడగలేదు. "మంచం కింద ఎట్టీ" అన్నారు, అంతే.

మర్నాడు మా ఆయన్ని ఎలాగో ఒప్పించి విజయనగరం తీసుకెళ్ళి, వకీలు గారి ముందు కూర్చుని నా భయాలన్నీ ఏకరువు పెట్టాను. ఆయన నవ్వారు. "వండుకునే గిన్నెలు, కట్టుకునే బట్టలు, పుస్తెలు ఎవరూ ముట్టుకోరమ్మా. పిల్ల ఉద్యోగానికీ దీనికీ సంబంధం లేదు. దాచితే మాత్రం చిక్కే. ఏమైనా దాచారా?"

నేను కొంగు సర్దుకున్నాను.

తర్వాత అప్పిచ్చినవాళ్ళ పేర్లు చెప్పమన్నారు. మా ఆయన గడగడా చెప్పుకుపోయి చివర్లో ఆగిపోయాడు. "ఇంకొకరున్నారండి. ఆవిడ పేరు రాయొద్దు. ఆవిడికి నానే ఎలాగోలా ఇచ్చుకుంతాను."

"ఒక్కరిని వదిలినా అబద్ధమే అవుతుంది. అందరికీ కోర్టు నోటీసు వెళ్ళాల్సిందే. ఎవరావిడ?"

"మా ఎదురింటి టీచరమ్మండి. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి ఇచ్చారు."

ఓరి నాయనో! ఆ అప్పు సంగతి ఆయన నాకు చెప్పనే లేదు. నేనేమో అప్పులవాళ్ళకి భయపడి, అప్పిచ్చిన ఆవిడ మంచం కిందే బిందె దాచాను! బస్సులో ఆ మాట చెబితే ఆయన కిటికీకి తల ఆనించి ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవగా చూడడం అదే మొదలు. తిడదామని కూడబెట్టుకున్న మాటలన్నీ మింగేసి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

సాయంత్రం ఇద్దరం టీచరమ్మ ఇంటికి వెళ్ళాం. ఆయన గుమ్మం ముందే నిలబడిపోయాడు. "టీచరమ్మా, ఐపీ ఎడతన్నాను. మీకూ నోటీసొస్తాది" అన్నాడు నేల చూస్తూ.

"రానీ. సంతకం ఎట్టి తీసుకుంతాను, దానికేటి?" అన్నారావిడ. "నిన్న మీ ఆవిడ బిందె తెచ్చినప్పుడే అనుకున్నాను, ఊరొదిలెల్లిపోతన్నారని. సూడు, కోర్టుకెల్తే నాకు పోయేది డబ్బే. సెప్పకుండా ఎల్లిపోతే మాత్రం ఒరే, నన్ను మోసం సేసినట్టే."

"అలా అనుకుని కూడా ఎందుకు దాచారండీ?" నేను ఉండబట్టలేక అడిగాను.

"నిన్న నీ సేతులు వొణికిపోతన్నాయే. అప్పుడేటి అడుగుతాను?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ అదేం పట్టించుకోకుండా మంచం కిందనుంచి బిందె లాగి, బియ్యం డబ్బా తీశారు. మా వైపు ఎవరి గిన్నె వాళ్ళకి ఖాళీగా తిరిగి ఇవ్వరు. వద్దంటున్నా వినకుండా రెండు శేర్లు పోశారు. మా ఆయన బిందె భుజాన పెట్టుకుని వీధి దాటుతుంటే కుళాయి దగ్గర అందరూ చూశారు. చూడనీ అనుకుని గిన్నెల సంచితో వెనకే నడిచాను. మర్నాడు ఆయన ఐపీ కాగితాల మీద సంతకం పెట్టాడు.

టీచరమ్మకి నోటీసు వచ్చిన రోజు మా ఆయన మా అరుగు మీద ఉన్నాడు. పోస్టుమేన్ ఎదురింటి ముందు ఆగడం చూసి ఇంట్లోకి జారుకోబోయాడు.

"ఒరే, ఇలా రా! పెన్ను లేదు" అని కేకేశారు టీచరమ్మ.

మా ఆయన వీధి దాటి వెళితే, ఆయన జేబులో పెన్ను తీసుకుని ఆవిడ సంతకం పెట్టి, దాన్ని మళ్ళీ ఆయన జేబులోనే గుచ్చారు.